బీరువాలో పిస్తోలు... ఇల్లాలిని ఎవరైనా అడిగారా?

విజయదశమి వచ్చిందంటే మనవైపు ఇళ్ళల్లో పనిముట్లన్నీ వరసగా వాకిట్లోకి వస్తాయి. ట్రాక్టరు కడిగి మామిడి మండలు కడతారు. పత్తికి మందు కొట్టే స్ప్రేయరు, గొడ్డలి, కొడవలి, కుట్టుమిషను, పిల్లవాడి సైకిలు... అన్నిటికీ పసుపూ కుంకుమా. కలిగినవారి ఇళ్ళల్లో కొన్నిచోట్ల ఈ వరసలో మరొకటి కూడా ఉంటుంది. ఎర్ర ముఖమల్ గుడ్డ మీద ఇంటాయనగారి లైసెన్సు పిస్తోలు! మిగతావాటికి బొట్టు పెట్టినట్టే దానికీ బొట్టు పెట్టేది ఇల్లాలే. పెట్టేసి, చెయ్యి కడుక్కుని, గారెల పిండి రుబ్బుకోవడానికి వెళ్ళిపోతుంది. సాయంత్రం అది మళ్ళీ బీరువాలోకి, ఆవిడ పట్టుచీరల పక్కకి చేరుతుంది.

ఆయుధానికి మొక్కడం మన పల్నాటికి కొత్తేమీ కాదు. కారంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి కదా, అక్కడ పూజలందుకునేవి వీరుల ఆయుధాలే. కోడిపందెం దగ్గర మొదలై సవతి అన్నదమ్ముల పక్షాలు ఒకరినొకరు నరుక్కున్న యుద్ధం అది. ఆ కథ చెప్పేవాళ్ళు తప్పంతా నాగమ్మ మీదికి నెట్టేస్తారు, అది వేరే సంగతి! నేను చెప్పొచ్చేదేమిటంటే, కారంపూడిలో మనం దణ్ణం పెట్టే ఆయుధాల యుద్ధం ఎనిమిది వందల ఏళ్ళ కిందటే అయిపోయింది. బీరువాలో ఉన్నదాని సంగతి అట్లా కాదు.

స్త్రీల పేజీలో పిస్తోలు గొడవేమిటి, హాయిగా పండుమిరప పచ్చడి ఎట్లా పెట్టాలో రాయక అని మీలో కొందరు అనుకోవచ్చు. పచ్చడి గురించి ఎప్పుడైనా రాసుకోవచ్చు. తుపాకీ గురించి మాత్రం ఎప్పుడూ మగవాళ్ళే రాస్తారు. ఏ కంపెనీది, ఎన్ని తూటాలు పడతాయి, ఎంత దూరం పోతుంది, ఎవరికి ఎందరు గన్‌మన్లు, వన్ ప్లస్ వన్నా, టూ ప్లస్ టూనా... ఇవే. అది రాత్రిపూట ఎవరింట్లో పడుకుంటుందో, దాని పక్క గదిలో ఎవరు పడుకుంటారో రాసినవాళ్ళు తక్కువ.

ముందు ఆ వస్తువేమిటో తెలుసుకుందాం. ఇంట్లో గ్యాస్ సిలిండరు రెగ్యులేటరు ఎట్లా తిప్పాలో నేర్చుకోలేదూ? ఇదీ అంతే. పోలీసుల నడుముకి కనిపించే పిస్తోలు ఎక్కువగా 9 ఎం.ఎం.ది. బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారవుతుంది. పాత బ్రౌనింగ్ పిస్తోలు నమూనా. పిడిలో దూర్చే మ్యాగజైన్‌లో 13 తూటాలు పడతాయి. దాదాపు కిలో బరువు. దీన్ని సెమీ ఆటోమేటిక్ అంటారు. అంటే మీట ఒకసారి నొక్కితే ఒక తూటా పోతుంది. ఆ దెబ్బకే పైభాగం వెనక్కి జరిగి, ఖాళీ గుల్లని బయటికి విసిరేసి, తర్వాతి తూటాని తానే పైకి లాక్కుని సిద్ధంగా కూర్చుంటుంది. మళ్ళీ ఏమీ చెయ్యక్కర్లేదు, వేలు కదిపితే చాలు.

ఇందులో ఒక్క సంగతి మాత్రం ఇంట్లో పిస్తోలున్న ప్రతి ఇల్లాలూ గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. రివాల్వర్ అయితే చక్రం పక్కకి లాగి చూస్తే తూటాలు ఉన్నదీ లేనిదీ కంటికి కనిపిస్తుంది. పిస్తోలు అట్లా కాదు. మ్యాగజైన్ లాగేసి బల్ల మీద పెట్టి "ఇదిగో, ఖాళీ చేశాను" అంటే నమ్మకండి. గొట్టం మొదట్లో ఉండే గదిలో అంతకుముందే ఎక్కిన తూటా ఒకటి మిగిలి ఉండొచ్చు. పైభాగం వెనక్కి లాగి, ఆ గదిలోకి కంటితో చూస్తేగాని ఖాళీ అయినట్టు కాదు. "ఖాళీదేలే" అనుకుని చేతిలోకి తీసుకున్న తుపాకులు పేలిన వార్తలు మీరూ చదివే ఉంటారు. చాలావాటి వెనక ఉండేది ఈ ఒక్క తూటాయే.

ఈ 9 ఎం.ఎం. పోలీసు పిస్తోలు మామూలు పౌరులకు ఇవ్వరు. అది నిషిద్ధ బోరు. దానికి కేంద్ర హోంశాఖ దాకా పోవాలి. లైసెన్సుతో మనవాళ్ళు కొనుక్కునేది సాధారణంగా .32 బోరు పిస్తోలో రివాల్వరో. 1959 నాటి ఆయుధాల చట్టం కింద మన గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో లైసెన్సిచ్చేది కలెక్టరు. 21 ఏళ్ళు నిండాలి. 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం తుపాకీ జాగ్రత్తగా వాడటంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ ఉండాలి, ఒంటికీ మనసుకీ ఆరోగ్యం బాగుందని డాక్టరు రాసివ్వాలి, ఇంట్లో భద్రంగా తాళంలో పెట్టుకుంటానని పూచీ రాసివ్వాలి. 2019 డిసెంబరులో చట్టం మార్చి, ఒక మనిషికి మూడు తుపాకులు ఉండొచ్చన్నది రెండుకి తగ్గించారు. లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ళ నుంచి ఐదేళ్ళు చేశారు. పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో సరదాకి గాల్లోకి కాల్చి జనాన్ని ప్రమాదంలో పెట్టినా రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జుర్మానా. ఇవన్నీ బాగానే ఉన్నాయి.

మరి విచారణ ఎట్లా జరుగుతుంది? నాకు తెలిసిన ఒకావిడ చిలకలూరిపేట దగ్గర ఉంటుంది. వాళ్ళాయనకి మిర్చి వ్యాపారం. సీజన్లో గుంటూరు యార్డుకి టిక్కీలు తోలడం, ధర రాకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టడం, అప్పులిచ్చిన రైతుల దగ్గర వసూళ్ళు. డబ్బుతో తిరిగే మనిషిని, ప్రాణభయం ఉంది అని దరఖాస్తు పెట్టాడు. ఒకరోజు స్టేషన్ నుంచి మనిషి విచారణకి వచ్చాడు. వరండాలో కూర్చుని ఇంటాయనతో మాట్లాడాడు. ఎదురింటాయన్ని పిలిచి అడిగాడు, మంచివాడే అన్నాడాయన. కిరాణాకొట్టు అతన్ని అడిగాడు, పెద్దమనిషండీ అన్నాడతను. కేసులేమన్నా ఉన్నాయా అంటే లేవు. ఈవిడ లోపల్నుంచి కాఫీ తెచ్చి ఇచ్చింది. గ్లాసు తీసుకుంటూ ఆ వచ్చినతను, "చక్కెర సరిపోయిందమ్మా" అన్నాడు.

అంతే. ఆ విచారణ మొత్తంలో ఆవిడతో అన్నది ఆ ఒక్క మాట.

అడిగి ఉంటే ఏం చెప్పేది? వారానికి నాలుగు రోజులు తాగి వస్తాడని చెప్పేది. యార్డులో ధర పడిన రోజు చేతికేది దొరికితే అది విసురుతాడని చెప్పేది. ఎదురింటాయనకి ఇవేమీ తెలియవు. కిరాణాకొట్టు అతనికి అసలే తెలియవు. ఒక మగవాడు తలుపులు వేసుకున్నాక ఎట్లా ఉంటాడో ఈ భూమ్మీద తెలిసినది ఒక్క మనిషికే. ఆ మనిషి చేతిలో కాఫీ గ్లాసుల పళ్ళెం ఉంది. లైసెన్సు వచ్చింది, పిస్తోలూ వచ్చింది.

ప్రాణభయం నిజంగా ఉన్నవాళ్ళు లేరని నేననను. కానీ మనవైపు నడుముకి కట్టుకున్న పిస్తోళ్ళలో భయం కోసం కట్టుకున్నవి ఎన్ని, హోదా కోసం కట్టుకున్నవి ఎన్ని? మీరే చెప్పండి. పెళ్ళిలో భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు చొక్కా కాస్త పైకి జరిగి పిడి కనబడాలి. "అబ్బాయికి లైసెన్సు గన్నుందంట" అని పెళ్ళిచూపుల్లో చెప్పుకోవాలి. ఆ మాట నేను నా చెవులతో విన్నాను, రెండెకరాల మాగాణి ఉందంట అన్నట్టే అన్నారు! డబ్బు మోసుకెళ్ళాలి కాబట్టి తుపాకీ అన్న వాదన ఒకప్పుడు నిజమేమో. ఇప్పుడు యార్డు లావాదేవీలు చాలావరకు బ్యాంకు ఖాతాల్లోకే పోతున్నాయి. డబ్బు సంచి తగ్గినా దాని కోసం తెచ్చిన పిస్తోలు తగ్గడం లేదు. మన రాష్ట్రాలు కొంత నయమనే చెప్పాలి. 2016 చివరికి దేశం మొత్తం మీద 33 లక్షల 69 వేల లైసెన్సులుంటే ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే 12 లక్షల 77 వేలు ఉన్నాయి. అక్కడి పెళ్ళి ఊరేగింపుల్లో ఏం జరుగుతుంటుందో పేపర్లలో చూస్తూనే ఉన్నాం.

లైసెన్సు వాళ్ళ సంగతి సరే, శిక్షణ పొందిన పోలీసు చేతిలో అయితే భయం లేదు కదా అంటారా? 2023 డిసెంబరులో సిద్దిపేట జిల్లాలో జరిగింది గుర్తుచేసుకోండి. ఒక ఉన్నతాధికారి దగ్గర గన్‌మన్‌గా ఉన్న కానిస్టేబులు డ్యూటీ పిస్తోలుతో తన ఇంట్లోనే భార్యనూ, ఇద్దరు పసిపిల్లలనూ కాల్చి, తనూ కాల్చుకున్నాడు. అప్పులున్నాయనీ, ఆన్‌లైన్ ఆటల్లో డబ్బు పోగొట్టుకున్నాడనీ పేపర్లు రాశాయి. ఆ ప్రాంతంలోనే అంతకుముందు ఒకే స్టేషన్లో పనిచేసిన ఇద్దరు ఎస్సైలు, 2016లో ఒకరు, 2017లో ఒకరు, సర్వీసు రివాల్వర్లతోనే ప్రాణాలు తీసుకున్నారు. వీళ్ళెవరికీ తుపాకీ వాడటం రాక కాదు. ఆ ఘడియలో అది చేతికి అందేచోట ఉంది.

ఈ మాట పత్తి పండించే మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 1987-88లో తెల్లదోమ వచ్చి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి పోయినప్పుడు చేను కోసం తెచ్చిన మందు డబ్బా ఎన్ని ఇళ్ళను కూల్చిందో మన అమ్మలు చూశారు. ఆ తర్వాత కూడా ఆగలేదు. అప్పటి నుంచీ మన పల్లెల్లో ఆడవాళ్ళకి ఎవరూ చెప్పకుండానే ఒక అలవాటు వచ్చింది. ఇంటాయన ముభావంగా ఉన్నాడంటే ముందు మందు డబ్బా మాయం చేస్తారు. గడ్డివాములో దాస్తారు, పక్కింట్లో పెట్టొస్తారు, కోడలికి చెప్పకుండా అత్తా, అత్తకి చెప్పకుండా కోడలూ దాస్తారు. ఆ ఘడియ దాటితే మనిషి మిగులుతాడని వాళ్ళకి తెలుసు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు తర్వాత తేల్చినదీ అదే. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటే నిషేధించుకుంటూ వచ్చారు. 1995 నుంచి 2015 నాటికి అక్కడ ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. ఆ ఇరవై ఏళ్ళలో 93 వేల ప్రాణాలు నిలిచి ఉంటాయని అంచనా వేశారు. కష్టాలు పోయాయా? పోలేదు. చేతికి అందేది మారిందంతే.

మందు డబ్బాని దాచే ఇల్లాలికి పిస్తోలుని దాచే వీలు లేదు. బీరువా తాళాలు ఆయన మొలతాడుకో, దిండు కిందో ఉంటాయి. తాళం చిక్కినా లైసెన్సు లేని మనిషి ఆ పిస్తోలు పట్టుకుని బయటికి వెళ్తే చట్టం ముందు తప్పు ఆవిడదే అవుతుంది. చూశారా ఎంత చిత్రమో! ఎండ్రిన్ డబ్బా కాలంలో మన అమ్మకున్న పాటి అధికారం కూడా ఈ విషయంలో మనకు లేదు.

ఇప్పుడు అమెరికాలో ఉన్న మన పిల్లల సంగతి. నరసరావుపేట, ఒంగోలు, పర్చూరు వైపు ఏ వీధికి వెళ్ళినా ఇంటికొకరు అక్కడున్నారు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేత్‌లో మన తెలుగు ఇంజనీరుని ఒకడు జాతి ద్వేషంతో కాల్చి చంపాడు. అప్పటి నుంచీ అక్కడి మనవాళ్ళలో కొందరు తుపాకీ కొనడం మొదలుపెట్టారు. డాలస్‌లో ఉండే మా అక్క కొడుకూ కొన్నాడు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్ళు నిండి, చట్టప్రకారం తుపాకీ ఉంచుకోదగిన మనిషి అయితే పర్మిట్ లేకుండానే నడుముకి కట్టుకుని తిరగొచ్చు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఫోన్లో ఫోటోలు చూపించాడు.

"పిన్నీ, ఇది పోలీసులు వాడే మోడలే. మీట గట్టిగా ఉందని మార్పించా. ఇప్పుడు ఇట్టా అంటే చాలు, అట్టా పోతది. కింద లైటు పెట్టించా, చీకట్లో కనపడే గురి పెట్టించా."

కొత్త కారుకి సీటు కవర్లు వేయించినట్టు చెప్తున్నాడు. వాడికి మూడేళ్ళ కూతురుంది. తయారుచేసినవాళ్ళు ఆ మీటని కాస్త గట్టిగా ఎందుకు పెట్టారంటావురా అని అడిగాను. నవ్వి, "అది సేఫ్‌లో ఉంటది పిన్నీ" అన్నాడు. వాళ్ళావిడ తర్వాత వంటింట్లోకి వచ్చి మెల్లిగా, "ఎప్పుడూ ఉండదు చిన్నత్తయ్యా, సోఫాలో ఉంటుంది ఒక్కోసారి" అంది.

మీట తేలిక చేయించడం అంటే ఏమిటి? పెద్దవాడి వేలికి హాయిగా ఉండేది పసిపిల్ల వేలికీ లొంగుతుంది. చొక్కా అంచు తగిలినా, కంగారులో వేలు వణికినా పేలే అవకాశం పెరుగుతుంది. మన దేశంలో లైసెన్సు లేకుండా తుపాకీ గొట్టం కుదించడం, బొమ్మ తుపాకీని నిజం తుపాకీగా మార్చడం, ఒక రకాన్ని మరో రకంగా మార్చడం నేరం. మరమ్మతు కూడా అనుమతి ఉన్న దుకాణమే చెయ్యాలి. ఈ ఒక్క విషయంలో మన చట్టం ఆడపిల్లల తల్లి రాసినట్టే ఉంటుంది.

ఇంట్లో తుపాకీ ఉంటే రక్షణ పెరుగుతుందా తగ్గుతుందా అన్నదాన్ని అక్కడి స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు కాలిఫోర్నియాలో లెక్కగట్టి చూశారు. పదీ ఇరవై మందిని కాదు, రెండు కోట్ల అరవై లక్షల మందిని, 2004 నుంచి 2016 దాకా. 2020లో ఫలితాలు వచ్చాయి. చేతి తుపాకీ సొంతంగా ఉన్న మగవాళ్ళు తుపాకీతో ఆత్మహత్య చేసుకోవడం, లేనివాళ్ళతో పోలిస్తే ఎనిమిది రెట్లు. ఆడవాళ్ళలో ఎంతో తెలుసా? ముప్ఫై ఐదు రెట్లు! 2022లో అదే రాష్ట్రం మీద ఇంకో సంగతి తేల్చారు. తనకి తుపాకీ లేకపోయినా, తుపాకీ ఉన్న మనిషితో ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళు హత్యకు గురికావడం రెండు రెట్లకు పైగా ఎక్కువ. భర్త లేదా సహచరుడి తూటాకి చనిపోవడం ఏడు రెట్లు. అట్లా పోయినవాళ్ళలో నూటికి 84 మంది ఆడవాళ్ళు. దొంగ వస్తాడని కొన్న తుపాకీ దొంగ వచ్చేదాకా ఆగదన్నమాట.

మరి మన రక్షణకి మనమే తుపాకీ పట్టుకుంటే? ఆ ముచ్చటా తీర్చారు. ఢిల్లీ బస్సులో ఆ పిల్లకి జరిగిన ఘోరం తర్వాత, 2014 జనవరిలో కాన్పూర్ ఫ్యాక్టరీ వాళ్ళు ఆడవాళ్ళ కోసమని ‘నిర్భీక్’ అనే రివాల్వర్ విడుదల చేశారు. .32 బోరు, అరకిలో బరువు, హ్యాండ్‌బ్యాగులో పడుతుంది. ధర అప్పట్లోనే లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు. పైగా నగల పెట్టె లాంటి పెట్టెలో పెట్టి ఇచ్చారు! ఆడవాళ్ళంటే నగలే కదా మరి. లక్షా ఇరవై రెండు వేలు పెట్టగలిగిన ఆవిడ రాత్రి పదింటికి తెనాలి బస్సు కోసం బస్టాండులో నిలబడదు. నిలబడే నర్సమ్మ, బట్టల కొట్టులో పనిచేసే పిల్ల దాన్ని కొనలేరు. పోనీ కొన్నారే అనుకోండి. దేశంలో ఆడవాళ్ళ మీద నమోదయ్యే నేరాల్లో అన్నిటికన్నా పెద్ద వాటా, మూడో వంతుకి దగ్గరగా, భర్తా అత్తింటివాళ్ళూ పెట్టే హింసదేనని జాతీయ నేర గణాంకాలే చెబుతున్నాయి. ఆ కేసుల్లో శత్రువు చీకటి సందులో ఉండడు. అదే బీరువాకి రెండో తాళం అతని దగ్గర ఉంటుంది.

కెనడాలో తుపాకీ లైసెన్సుకి దరఖాస్తు పెడితే భార్యకో, సహచరికో తెలియజేస్తారు. విడిపోయి రెండేళ్ళు దాటకపోతే మాజీ భార్యకీ తెలియజేస్తారు. న్యూజిలాండ్‌లో పోలీసులు దరఖాస్తుదారుడి భార్యనో, దగ్గరి మనిషినో కలిసి మాట్లాడతారు. మన దరఖాస్తులో నేరచరిత్ర కోసం గడి ఉంది, పాత దరఖాస్తుల కోసం గడి ఉంది. ఇంట్లో మనిషి మాట కోసం గడి లేదు. నేను కోరుతున్నది ఇదే. లైసెన్సు ఇచ్చేముందూ, ప్రతి ఐదేళ్ళకీ రెన్యువల్ చేసేముందూ, మహిళా కానిస్టేబులు ఎవరైనా ఇంటికి వచ్చి ఇల్లాలితో విడిగా, ఇంటాయన వినకుండా మాట్లాడాలి. ఆవిడ చెప్పింది ఫైలులో రాయాలి గాని ఆవిడ పేరు బయట పెట్టకూడదు. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. విచారణ ఎట్లాగూ జరుగుతోంది, అడిగే మనుషుల్లో ఒకరిని కలపడమే. డ్యూటీ పిస్తోలు ఇంటికి తీసుకెళ్ళే గన్‌మన్ల విషయంలోనూ అంతే. డ్యూటీ అయిపోయాక ఆయుధం స్టేషన్లోనో, రిజర్వు లైన్లలోనో అప్పగించి వెళ్ళే పద్ధతి గట్టిగా అమలైతే రాత్రి ఎన్ని కుటుంబాలు నిశ్చింతగా ఉంటాయి!

ఈలోగా ఉన్న దారులు కూడా తెలిసి ఉండాలి. లైసెన్సున్న తుపాకీని స్టేషన్లోనో, లైసెన్సున్న ఆయుధాల దుకాణంలోనో డిపాజిట్ చేసి రసీదు తీసుకోవచ్చు. మంచి మాట వినే రోజున ఇంటాయనకి ఇది చెప్పండి. ప్రజల భద్రత కోసం అవసరమైతే లైసెన్సు ఆపేసే, రద్దుచేసే అధికారం లైసెన్సు ఇచ్చినవాళ్ళకే ఉంది. అందుచేత కలెక్టరు కార్యాలయానికి రాయవచ్చు. ఆయన బెదిరిస్తుంటే 2005 నాటి గృహహింస నిరోధక చట్టం ఉండనే ఉంది. ఆ చట్టం కింద 2006లో వచ్చిన నిబంధనల్లో, హింసకు వాడిన ఆయుధాన్ని మేజిస్ట్రేటు ఆదేశిస్తే రక్షణాధికారి స్వాధీనం చేసుకోవాలని స్పష్టంగా ఉంది. తుపాకీ పేలాకే కాదు, చూపించి బెదిరించినా అది హింసే. లాయరుకి ఈ మాట మీరే గుర్తుచెయ్యండి, చాలామందికి తట్టదు. మనిషి మరీ కుంగిపోయి ఉన్నాడనిపిస్తే 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపేదే, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ ఉండవు. మీకోసమైనా చెయ్యొచ్చు.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పగించమంటారు కదా. 2024 మార్చి 16న కోడ్ వచ్చాక మనవైపూ అట్లాగే అప్పగించారు. పల్నాడులో మేలో పోలింగ్ నాడూ, ఆ తర్వాతా ఎన్ని గొడవలయ్యాయో, 144 సెక్షన్ పెట్టి ఎట్లా అణిచారో మనందరికీ తెలుసు. ఊళ్ళో అందరూ గుండెలు చేత్తో పట్టుకుని కూర్చున్న రోజులవి. చిలకలూరిపేట ఆవిడ మాత్రం నాతో, "ఆ మూడు నెలలూ కంటినిండా నిద్రపోయా అక్కయ్యా. ఏటా ఎన్నికలొస్తే బాగుండు అనిపిస్తది" అంది.

జూన్ తర్వాత అది మళ్ళీ ఇంటికి వచ్చింది. వచ్చే వేసవిలో లైసెన్సు రెన్యువల్. ఈసారి విచారణకి ఎవరన్నా వస్తే చెప్పేస్తానంటోంది. మీ ఆయన ఎదురుగానే కూర్చుంటాడు కదా అన్నాను. "కాఫీలో చక్కెర వెయ్యకుండా ఇస్తా. అడగడానికి లోపలికొస్తాడేమో చూడాలి" అంది.